ఉక్కుతల నాగన్న

నాగన్న శవం కొల్లేటి గట్టు పక్కన, మోకాటిలోతు నీళ్లలో బోర్లా దొరికింది. ఉదయం ఆరుంబావు. 1936, ఫిబ్రవరి నెల.

మోకాటిలోతు నీళ్లలో పసిపిల్లలు కూడా మునగరు. రంగూన్‌లో పదకొండేళ్లు బాక్సింగ్ ఆడినవాడు ఎలా మునిగాడు? ఎన్ని గుద్దులు పడినా కదలడని అక్కడివాళ్లు 'ఉక్కుతల' అని బిరుదిచ్చారు. దానికెంత మురిసిపోయాడో పాపం! ఆ తల మీదే ఇప్పుడు గాయం.

ఏలూరు నుంచి సబ్‌ఇన్‌స్పెక్టర్ పాండురంగారావు వచ్చేసరికి తొమ్మిదిన్నరయింది. అప్పటికే హెడ్‌కానిస్టేబుల్ వెంకట్రావు ఒకడికి బేడీలు వేసి మీసం దువ్వుతున్నాడు.

"వీడు ముత్యాలరావండి. చచ్చినోడి బావమరిది. జనాన్ని లంకకి దాటించే దోనె వీడిదే. నిన్న సాయంత్రం ఐదున్నరకి రేవులో వాణ్ణి గెంటేశాడు. నలుగురు చూశారు. ఆనక దోనె తోసే గెడతో బుర్ర పగలగొట్టుంటాడు. ఉరేనండి!"

పక్కన నాగన్న భార్య మరిడమ్మ కూర్చుంది. మొగుడు పోయాడు. తిండి పెట్టే తమ్ముడు ఉరికంబం ఎక్కేలా ఉన్నాడు. ఆమెకి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"ఎందుకు గెంటావు?" అడిగాడు పాండురంగారావు.

"తాగొచ్చాడండి. తాటిదోనండి బాబూ, ఒకడు తూలితే అందరం నీళ్లలోనే. అందుకని మా రేవులో కట్టుబాటుందండి. అనుమానమొస్తే గెడ నేలమీద పడేసి దానిమీద నడవమంటాం. కాలు జారితే ఎక్కనివ్వం."

"జారాడా?"

"మూణ్ణెల్లుగా రోజూ జారుతున్నాడండి. లంక దాకా వేసిన గట్టెంట చుట్టు తిరిగి నడిచే ఇంటికి పోతున్నాడు."

"కల్లు వాసన వచ్చిందా?"

ముత్యాలరావు తెల్లబోయాడు. "వాసన... చూళ్లేదండి. మాట ముద్దముద్దగా వచ్చేది. అడుగు తడబడేది. ఇంకేం చూడాలండి?"

అదీ సంగతి! ఊరంతా కళ్లు పెట్టుకు చూసింది, ముక్కు మాత్రం ఒక్కరూ వాడలేదు. పాండురంగారావు గట్టు మీద రెండు వందల గజాలు వంగి నడిచాడు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. శవాన్ని ఏలూరు ఆస్పత్రికి పంపించాడు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి అందరినీ రేవు దగ్గరికి రమ్మన్నాడు. వెంట డాక్టర్ చలపతిరావు ఉన్నాడు.

"హెడ్డుగారూ, గట్టు మీద అడుగులు చూశారా?"

"చూశానండి. తాగినోడి అడుగులే."

"తాగినవాడు అటూ ఇటూ తూలుతాడు. ఇతను మొదటినుంచీ కుడికే ఒరిగాడు. అడుగడుక్కీ కుడి బొటనవేలు బురదలో గీత గీసింది. అతని వెంట ఇంకొకరి పాదం పడలేదు. ఆఖరి గీత పక్కన వల కట్టే వెదురుగుంజ. దానికి నెత్తురూ, వెంట్రుకలూ. తల తగిలి, స్పృహ తప్పి నీళ్లలో పడ్డాడు. రేవు నుంచి అతను అక్కడికి నడిచే వేళకి ముత్యాలరావు లంకలో ఉన్నాడని దోనె దిగిన ఆరుగురూ చెప్పారు."

"కడుపులో కల్లు చుక్క లేదు," అన్నాడు డాక్టర్. "ఏళ్లతరబడి తలమీద గుద్దులు తిన్న బాక్సర్లకి మెదడు దెబ్బతింటుందట. ఆట మానేసిన ఎన్నాళ్లకో బయటపడుతుందట. ఈమధ్యే మా వైద్యపత్రికలో చదివాను. మాట ముద్దవుతుంది, కాలు ఈడుస్తుంది, చెయ్యి వణుకుతుంది. చూసేవాళ్లకి అచ్చం తాగినట్టే."

"మందుందాండీ?" మరిడమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"లేదమ్మా. ఎవరైనా పక్కనుండి నడిపించాలి, అంతే."

వెంకట్రావు తలొంచుకుని బేడీలు తీశాడు. ముత్యాలరావు లేవలేదు. "నన్నొదలకండి బాబూ! నేనే చంపానండి," అని భోరుమన్నాడు.

మరిడమ్మ తమ్ముడి వంక చూడలేదు.

"తాగలేదే మరిడీ అని మొన్న నా తలమీద చెయ్యేసి ఒట్టేశాడండి," అంది. "ఆ చెయ్యి వణికిందండి. తాగుబోతు చెయ్యి నా నెత్తిన పెట్టకని విసిరికొట్టానండి."