పదహారో దెబ్బ

కంకణగిరి రాజ్యానికి వచ్చిన కష్టం వరదా కాదు, కరువూ కాదు. ఒక చదరంగం పలక.

దానికి జోడీ పలక మూడు అడవుల అవతల, గరళవర్మ అనే రాజు కోటలో ఉండేది. ఇక్కడ బంటును జరిపితే అక్కడి బంటు దానంతటదే జరిగేది. ఆటగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసే పనే లేదు. ఆ పలకలను చేసిన యక్షుడు మాత్రం ఒక చెడ్డ నియమం పెట్టిపోయాడు. ఓడినవాడు కొయ్యబొమ్మ అయిపోవాలి. అలాంటప్పుడు ఆడటం ఎందుకంటారా పిల్లలూ? గరళవర్మ సవాలు చేస్తే కాదనడం పరువు తక్కువని మన వీరుల నమ్మకం. ఆ పరువు కోసం ఆరుగురు కొయ్యలైపోయారు.

ఏడోవాడు మకరందుడు, అంతవరకు ఓటమి ఎరుగనివాడు. ముప్పై ఎత్తుల్లో ఓడి, అరచేతిలో పట్టేంత కొయ్యగుర్రమైపోయాడు.

అతని చెల్లెలు వకుళ ఆస్థానంలో మద్దెల వాయించేది. ఆమెకు చదరంగం ఓ మాదిరిగా వచ్చు. కాని ఆ వేళ్లు ఊరికే ఉండవు. అన్న ఆడినంతసేపూ మోకాలి మీద తాళం వేస్తూనే ఉంది. ఆట ముగిశాక కళ్లు తుడుచుకుని రాజు ముందుకు వచ్చింది.

"మహారాజా, నా తాళం లెక్కన గరళవర్మ ప్రతి ఎత్తుకూ సరిగ్గా పదహారు దెబ్బలసేపు తీసుకున్నాడు. చిక్కు ఎత్తుకూ అంతే, చిన్నపిల్లలు వేసే ఎత్తుకూ అంతే. ఆలోచించి ఆడేవాడు అలా ఆడడు. ఎవరో చెబుతుంటే వేస్తున్నాడు."

రాజు ధవళకేతు యక్షుడి రెండో నియమం గుర్తుచేశాడు. "ఆ మాట ఇక్కడ అంటే లాభం లేదమ్మా. వాడి పలక మీద చేయి పెట్టి, వాడి సభలోనే అనాలి. నిజమని తేలితే వాడు కొయ్యవుతాడు, కొయ్యలైనవాళ్లంతా మనుషులవుతారు. తేలకపోతే నువ్వూ కొయ్యవే."

వకుళ గుర్రాన్ని కొంగున ముడివేసుకుని బయలుదేరింది.

మొదటి అడవిలో ఒక ముని ఎడమచేత్తో కట్టెలు ఏరుకుంటున్నాడు. ఆయన కుడిచేయి మణికట్టు దాకా కొయ్య. సంగతంతా విని ఆయన ఆ చేతిని చూపించాడు.

"ఒకడు నన్ను మామూలు పలక మీద వరసగా మూడు ఆటలు ఓడించాడు తల్లీ. ఓర్వలేక, నాలుగో ఆటకు యక్షుడి పలక మీద చేయి పెట్టి మోసగాడన్నాను. వాడు మోసగాడు కాడు. నా తపస్సు అడ్డుపడి శాపం మణికట్టు దగ్గర ఆగింది. నీకు తపస్సు కూడా లేదు."

"మరి నేనేం చేయాలి స్వామీ?"

"గరళవర్మ స్వతహాగా నిదానస్తుడేమో, ఎవరు చూశారు? జవాబుగా ఒక్క ఎత్తు తప్ప వాడికి వేరే దారి లేకుండా చేసి చూడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాతే నోరు విప్పు."

రెండో అడవిలో పెద్ద లోయ అడ్డం వచ్చింది. లోయలో దీర్ఘజంఘుడనే రాక్షసుడు చదరంగం పరుచుకుని కూర్చున్నాడు.

"ఏయ్ పిల్లా, నాతో ఒక ఆట ఆడు. నిన్ను తినాలో వద్దో తర్వాత చూస్తాను," అన్నాడు.

వకుళ ఎదురుగా కూర్చుంది. ఆడుతున్నా వేళ్లు లెక్క మానలేదు. ఊరికే దొరికిన బంటును రాక్షసుడు అర దెబ్బలో లాక్కున్నాడు. తన మంత్రి ఇరుక్కున్నప్పుడు రెండు వందల దెబ్బలసేపు తల గోక్కున్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది.

"ఎందుకు నవ్వుతావు?"

"మీరు సొంతంగా ఆడుతున్నారు, అందుకు."

పుట్టిన తర్వాత వాడిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆట గెలిచి, వకుళను భుజం మీద ఎక్కించుకుని, మూడో అడవి కూడా దాటించి గరళవర్మ కోట ముందు దింపాడు.

గరళవర్మ చెవులకు పెద్ద కుండలాలు, పక్కన నిప్పుల కుంపటి. వకుళ చేతిలోని గుర్రాన్ని చూసి నవ్వాడు. "దాన్ని కూడా పలక మీద పెట్టి ఆడు. కొట్టిన కాయను కుంపట్లో వేయడం నా అలవాటు."

వకుళ గుర్రాన్ని గుప్పిట బిగించింది. కాదంటే ఆటే లేదు. పెట్టింది.

ఆట సగంలో ఆమె తన మంత్రిని శత్రురాజు పక్కనే నిలిపి, రాజును కొడతానంటూ షా చెప్పింది. దాన్ని కొట్టడం తప్ప గరళవర్మకు దారి లేదు. అయినా పదహారు దెబ్బలు ఆగి కొట్టాడు. మంత్రి కుంపట్లో పడి భగ్గుమంది. తర్వాత ఏనుగుతో అలాగే షా చెప్పింది. మళ్లీ పదహారు. ఏనుగూ కాలిపోయింది.

మూడోసారి షా చెప్పడానికి గుర్రం ఒక్కటే మిగిలింది.

నిజంగా ఆడేవాడి ముందు ఆ ఎత్తు వేస్తే అన్న మరుక్షణం బూడిద. వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది. పెదవి కొరుక్కుని గుర్రాన్ని జరిపింది. రెండో అరచేయి పలక మీద ఆనించి గట్టిగా లెక్కపెట్టసాగింది.

"ఒకటి. రెండు. మూడు."

గరళవర్మ చేయి కదలలేదు.

"ఏడు. మహారాజా, నా గుర్రాన్ని కొట్టడం తప్ప మీకు దారి లేదు. తొమ్మిది. పసివాడైనా ఈపాటికి కొట్టేసేవాడు. పదకొండు. మీరు ఎవరి మాట కోసం ఆగారు?"

సభ ఊపిరి బిగబట్టింది. పద్నాలుగో దెబ్బకు గరళవర్మకు విషయం బోధపడింది. అతని చేయి లేచింది. గుర్రం వైపు కాదు, చెవి వైపు.

"పదహారు."

ఆ నిశ్శబ్దంలో కుండలంలోంచి సన్నని గొంతు అందరికీ వినిపించింది. "గుర్రాన్ని కొట్టు."

కుండలం పగిలి ఒక కంచు తుమ్మెద బయటికి ఎగిరింది. అన్ని ఎత్తులూ తెలిసిన మంత్రపు తుమ్మెద అది. చిన్న ఎత్తుకైనా పెద్ద ఎత్తుకైనా పదహారు దెబ్బల తర్వాతే పలికేది. అందరూ చూస్తుండగానే గరళవర్మ వేళ్ల నుంచి కొయ్యగా మారిపోయాడు. ఇక్కడ మకరందుడు, అక్కడ కంకణగిరిలో మిగతా ఆరుగురూ ఒళ్లు విరుచుకుంటూ లేచి నిలబడ్డారు.

దారిలో మకరందుడు చెల్లెలి మీద విసుక్కున్నాడు. "వాడు నిజాయితీగా ఆడేవాడైతే నేను ఈపాటికి బూడిదే కదే."

"నిజాయితీగా ఆడేవాడైతే నువ్వు ఓడేవాడివే కాదన్నయ్యా," అంది వకుళ. మకరందుడికి కోపం పోయి మీసం మీదికి చేయి వెళ్లింది.

రాజు యక్షుడి పలకను పగలగొట్టించి, వకుళను ఆటల న్యాయాధికారిగా నియమించాడు. అప్పటి నుంచి కంకణగిరిలో ఎవరు చదరంగానికి కూర్చున్నా పక్కన ఒక మద్దెల ఉంటుంది. చిక్కు ఎత్తు దగ్గర ఎవరైనా చాలాసేపు తల గోక్కుంటే, వకుళ సంతోషంగా వాయిస్తూనే ఉంటుంది.