దొరసాని బంగళాలో ఒకటికి ఒకటి

ఓబలప్పకి ఒక మంచి గుణం ఉండాది. తన చెవులు గొప్పవని తానుగా ఎన్నడూ చెప్పుకోడు — ఎదుటివాడు ఆ మాట అనేదాకా వాణ్ణి లేవనియ్యడు, అంతే. దీన్ని అతను వినయం అంటాడు. రికార్డు మీద సూది పెట్టి మూడు చుట్లు తిరిగే లోపల, ఊదేది ట్రంపెట్టా, శాక్సాఫోనా, ఊదినోడు అన్నం తిని ఊదినాడా, ఖాళీ కడుపుతో ఊదినాడా — అన్నీ చెప్పేస్తానని పందెం కాసేవాడు.

అట్లాంటి చెవులుండే మనిషి, పాట వినపడి ఊరంతా పారిపోయే చోటికి, ఆ పాట కోసమే నడిచిపోయినాడు. ఈ కత అతని నోట విన్నదే. మొదట తన్ను తాను బాగా తిట్టుకొని, రెండు లోటాల నీళ్ళు తాగి, ఆనెక చెప్పినాడు.

ఊరుగాం దాటి, బంగారం తీసినాక మిగిలిన రాతిపొడి పోసే సైనైడ్ దిబ్బల వెనకాల ఉండాది ఆ బంగళా. దొరసాని బంగళా అంటారు. పొద్దు గుంకితే ఆ దోవన మనిషి నడవడు. సెకండ్ షిఫ్ట్ ముగించుకొని గనిలోంచి పైకొచ్చినోళ్ళు, కాళ్ళు పీకతా ఉన్నా సరే, అర మైలు చుట్టు తిరిగి పోతారు గానీ ఆ గేటు ముందర మాత్రం పోరు.

గనులు గవర్మెంటు చేతికి వచ్చినాక, దొరల కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియా ఓడ ఎక్కినాయి. ఆ దొరసాని ఎక్కలేదు. ఓడలో రికార్డులు పగుల్తాయని ఆమె భయమంట. ఒంటిగా ఉండిపోయింది — ఆమె, ఒక కుర్చీ, బీరువా అంత చెక్కపెట్టెలో ఉండే గ్రామఫోను. ఒక రాత్రి పాట వింటా వింటానే కుర్చీలో ప్రాణం పోయింది. మూడు దినాలు ఎవరికీ తెలీలేదు. తలుపు పగలగొట్టినప్పుడు రికార్డు ఇంగా తిరగతా ఉండిందంట... సూది చివరి గీతలో ఇరుక్కొని — టిక్... టిక్... టిక్...

ఆమె తరపు వాళ్ళు ఎవరో వచ్చి రికార్డులు, సామాన్లు ఎత్తకపోయినారు. చెక్కపెట్టె తలుపులో పట్టక వదిలేసినారు. కరెంటు కోసేసినారు.

అయినా పాట వస్తాది.

కాపలా ఉండిన చౌడప్ప విన్నాడు. తెల్లారి జీతం కూడా అడక్కుండా ముళబాగిలుకి పోయి లారీల దగ్గర పనికి చేరినాడు. ఆవని జాతరకి పోయి ఆలస్యంగా తిరిగొస్తా, ఓబలప్ప వీధిలో ఉండే రామక్క విన్నది. ఆమెకి వారం జ్వరం.

జ్వరం అని తెలియగానే ఓబలప్ప ఆమె మంచం దగ్గరికి పరిగెత్తినాడు — పరామర్శకి కాదు.

"ఏం పాటక్కా అది? ఎట్ల ఉండె?"

రామక్కకి జ్వరంలో కూడా గొంతు గని సైరన్ మాదిరి ఉంటాది. "పాటా గీటా! మొదట సన్నంగా వచ్చె. ఆనెక ఒకే ఊపిరి నాయనా... తెంపు లేకుండా పైకి... పైకి... ఇంగ ఊపిరి తెగిపోతాదేమో అనుకుంటే, ఇంగా పైకి పోయె..."

ఓబలప్ప ఆ పాటని గుర్తుపట్టినాడు.

ఇరవై ఏండ్ల కింద, ఛాంపియన్ గనిలో డ్రిల్లింగ్ మిషను పట్టిన కొత్తల్లో, షిఫ్ట్ దిగి ఇంటికి పోతా ఆ బంగళా కిటికీలోంచి విన్న పాట అదే. కింద మెల్లగా డ్రమ్ము, దాని మీద ఒక ట్రంపెట్టు. ఒక ఊపిరి. కిత్తలి కంచె పక్కన, టిఫన్ క్యారియర్ చేతిలో పట్టుకొని, కుక్క వచ్చేదాకా నిలబడినాడు. ఆ పాట పేరు తెలీదు, ఊదినోడు తెలీదు. దొరసాని తలుపు తట్టి అడగాలని పదిసార్లు గేటు దాకా పోయినాడు. ఏమని అడగాలో ఇంగ్లీషులో కూడబలుక్కునే లోపల ఆమె పోయింది.

ఆ పాటని వెతికే పనిలోనే ఇంటినిండా రికార్డులు చేరినాయి. ప్రతి ఆదివారం మధ్యాన్నం రాబర్ట్‌సన్‌పేటలో గుండప్ప టీ అంగడి వెనకాల రికార్డుల మనుషులు కూడతారు. ఫిట్టర్లు, గుమాస్తాలు, చర్చి బ్యాండులో వాయించేవాళ్ళు. అక్కడ డబ్బు మాట లేదు. ఒకటికి ఒకటి — అదొక్కటే చట్టం. జాజ్ ఇచ్చి రాక్ తీసుకో, రాక్ ఇచ్చి జాజ్ తీసుకో. ఇంటికి ఎత్తకపోయినాక గీత ఉండాది, గుంత ఉండాది అని గొణగకూడదు. ఇరవై ఏండ్లలో ఓబలప్ప చేతుల్లోంచి వెయ్యి రికార్డులు పోయి ఉంటాయి. ఆ పాట మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఇప్పుడు తొందర వచ్చి పడింది.

మొదట రికార్డులు అరిగిపోయినాయి అనుకున్నాడు. ఆనెక సూది మీద అనుమానం వచ్చె. నెలలో నాలుగు సూదులు మార్చినాడు. ఆనెక తప్పు స్పీకరుది. ఆనెక తప్పు పెండ్లాం నారాయణమ్మది — పెండ్లయినప్పటినుంచీ వీధి చివరికి వినపడేట్టు మాట్లాడిన మనిషి, ఈ వయసులో గొణగడం యాడ నేర్చిందో! చివరికి డాక్టరు దగ్గరికి పోయినాడు. డాక్టరు నోటితో రెండుసార్లు చెప్పి చూసి, విసుగొచ్చి, చీటీ మీద రాసిచ్చినాడు. "మిషను చప్పుడుకి చెవులు చచ్చిపోతా ఉండాయి. ఇంకో ఆరు నెలలు. తర్వాత ఏమీ వినపడదు."

చీటీని మడిచి ఒక రికార్డు అట్టలో దాచిపెట్టినాడు. ఎవరికీ చెప్పలేదు. చెవులే ఆస్తిగా చెప్పుకున్నోడు ఏ మొగంతో చెప్తాడు?

ఆ ఆదివారం గుండప్ప అంగడి వెనకాల కొత్త రికార్డు ఒకటి ప్లేయరు మీద పెట్టినారు. ఎలక్ట్రీషియన్ ఆంజినప్ప అడిగినాడు: "ఏందన్నా ఇది? చెప్పు చూద్దాం."

ఓబలప్ప కండ్లు మూసుకున్నాడు. కాసేపు ఆగి, "శాక్సాఫోను. వీడు మాత్రం కడుపునిండా తిని ఊదినాడు," అన్నాడు.

అందరూ పడి పడి నవ్వినారు. సూది ఇంగా పెట్టలేదు.

నవ్వనివాడు ఆంజినప్ప ఒక్కడే. అందరూ పోయినాక చెవి దగ్గరికొచ్చి గట్టిగా అడిగినాడు: "ఎన్నాళ్ళనుంచన్నా?"

ఓబలప్ప దాన్ని దాటేసి, రామక్క చెప్పిన సంగతి చెప్పినాడు. "ఆ పాట ఒక్కసారి చెవిలో పడితే చాలురా. ఆనెక మూసుకుపోనీ. ఈ పొద్దే పోతాను. రేపు ఈ పాటి కూడా వినపడదేమో."

ఇంట్లో నారాయణమ్మ అడ్డం నిలబడలేదు. చేతులు తిప్పి, అరిచి మరీ చెప్పింది: "పో నాయనా, పో! కట్టుకున్నదాని మాట చెవికెక్కదు గానీ, చచ్చినదాని పాట ఎక్కతాదేమో చూసిరా!"

పోయేటప్పుడు తన దగ్గరుండే అన్నిట్లోకీ గొప్ప రికార్డు తువ్వాలులో చుట్టుకున్నాడు. రెండు పలకల అట్ట తెరిస్తే పొడుగాటి బొమ్మ వచ్చే రాక్ ఆల్బం. దానికోసం తొమ్మిదేండ్లు కాచుకున్నాడు.

"ఇది ఎందుకన్నా?" అని కూడా బయలుదేరిన ఆంజినప్ప అడిగినాడు.

"ఊరికే వింటామా? ఒకటికి ఒకటి. దెయ్యమైతే మాత్రం, ఆమె రికార్డులు పెంచిన మనిషి కాదా?"

ఆంజినప్ప నడస్తానే, "నువ్వు తిరిగి రాకపోతే ఇంట్లో ఉండేవన్నీ నాకేనా?" అన్నాడు.

"నీ మొగం! వరస తప్పకుండా పేర్చినాను. నువ్వు వారంలో కలగలిపేస్తావు."

నవ్వినారు గానీ, గేటు కనపడేతలికి ఇద్దరి నవ్వూ ఎండిపోయింది.

వెన్నెల. దిబ్బల మీదినుంచి తెల్లటి దుమ్ము సన్నగా లేస్తా ఉండాది. కిటికీ అద్దాలు పగిలి, లోపల నల్లగా... ఆంజినప్ప గేటు కమ్మీలు పట్టుకొని గుసగుసగా ఏదో అన్నాడు.

"ఏందీ?" అని ఓబలప్ప కేక పెట్టినాడు.

ఆంజినప్ప ఎగిరిపడి, ఇంగ నోరు తెరవకుండా చేత్తో సైగ చేసినాడు — నువ్వు పో, నేను ఈడనే ఉంటా.

ఓబలప్ప చెప్పులు మెట్టు మీద వదిలినాడు. ఎంతైనా దొరసాని ఇల్లు.

టార్చి వెలుతురులో దుమ్ము... ఖాళీ గోడలు... ఒక కుర్చీ... చెక్కపెట్టె. మూత ఎత్తినాడు. పళ్ళెం మీద రికార్డు లేదు. పళ్ళెం మీదికి వాలే చేతికి సూది లేదు. తెగిన వైరు ఎలక తోకలాగా నేల మీద పడి ఉండాది. మూత మూసి, దాని మీద తన రికార్డు పెట్టినాడు. కుర్చీలో కూర్చోలేదు — అది ఆమెది. కుర్చీ ఎదురుగా గోడకి ఆనుకొని, అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చున్నాడు. టార్చి ఆర్పినాడు.

కాచుకున్నాడు.

ఏమీ లేదు.

ఇంకా కాచుకున్నాడు... ఏమీ లేదు.

ఉన్నట్టుండి అరికాళ్ళ కింద నేల అదిరింది. ధుం... ధుం ధుం... ధుం...

ఓబలప్పకి ఒళ్ళు మండిపోయింది. బ్లాస్టింగ్! ఆ ఊళ్ళో పుట్టినోళ్ళకి అది కొత్తా? కింద రాయి పేలిస్తే పైన గిన్నెలు గలగలమంటాయి, ఉయ్యాల్లో బిడ్డ కూడా కదలదు. "థూ! పేల్చడానికి ఇదే దొరికిందా టైము! పాట వస్తే ఈ అదురులో యాడ వినేది?" అని పండ్లు కొరికినాడు.

అదురు ఆగింది. మళ్ళీ మొదలయింది. ఆగింది. మళ్ళీ...

రెండు అరచేతులూ చెవుల వెనక డొప్పలుగా పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టినాడు. చీకట్లోకి ముందుకి వంగినాడు. ఏమీ లేదు. 

"దొరసానమ్మా," అన్నాడు, మెల్లగానో గట్టిగానో అతనికే తెలీదు. "ఒక్కసారి తల్లీ... ఇరవై ఏండ్లుగా తిరగతా ఉండాను. మళ్ళీ అడగను. ఆర్నెల్లు పోతే అడిగినా లాభం లేదు. ఒక్కసారి..."

ఎడమ చెవి పక్కన చల్లగా ఏదో తగిలింది.

ఊపిరి.

పాత సెంటు వాసన... బట్టల పెట్టె తెరిచినట్టు. ఎవరో వంగి ఏదో అడగతా ఉండారు. అది మాత్రం తెలస్తా ఉండాది — చెవి అంచున గాలి, మాట మాదిరి, ఆగి ఆగి తగలతా ఉండాది. ఒకసారి... రెండోసారి...

ఈ ఏడాదిగా మాట అందనప్పుడంతా ఓబలప్ప చేసేది ఒకటే. మూడోసారి గాలి తగలగానే అదే చేసినాడు. తల ఊపినాడు. మర్యాదకి, "యస్ మేడం," అన్నాడు కూడా.

చల్లదనం పోయింది. నేల నిలిచిపోయింది.

వెన్నెల కిటికీ దాటిపోయేదాకా కూర్చున్నాడు. ఇంగ లేచి టార్చి వేసినాడు. చెక్కపెట్టె మీద దుమ్ములో నలుచదరంగా అట్ట గుర్తు ఉండాది. రికార్డు లేదు.

బయటికి ఒక్క దూకులో వచ్చినాడు. "తియ్యిరా నా రికార్డు! నీ ఆట నాకు తెలీదనుకున్నావా? దెయ్యం లేదు, దాని తాతా లేదు. చీమ చప్పుడు కూడా లేదు!"

ఆంజినప్ప గేటు కమ్మీలు వదల్లేదు. వేళ్ళు పీకి తియ్యాల్సి వచ్చింది. మొగమంతా తడి. పెదాలు కదలతా ఉండాయి.

"గట్టిగా చెప్పురా!"

"మూడుసార్లు వాయించిందన్నా..." అని చెవిలో అరిచినాడు. "నీ పక్కనే. మొదట సన్నంగా... ఆనెక ఆ ఊపిరి... నేను కేకలు పెట్టినాను అన్నా, బయటికి రా అని. నువ్వు తల తిప్పలేదు."

"అబద్ధం. బ్లాస్టింగ్ తప్ప ఏమీ లేదు."

"ఈ పొద్దు ఆదివారం కదన్నా... ఆదివారం యాడిది బ్లాస్టింగ్?"

ఓబలప్ప టార్చి తన కాళ్ళ మీదికి తిప్పుకున్నాడు. దుమ్ము కొట్టుకొని తెల్లగా ఉండాయి అరికాళ్ళు. ఆ అదురు ఆ పాటలో డ్రమ్ము... డ్రమ్ము వరకే అందింది. దాన్నీ తిట్టి కూర్చున్నాడు.

ఆంజినప్ప భుజాలు ఓబలప్ప పట్టుకున్నాడు. "పాడు."

"అన్నా..."

"ఎట్ల ఉండెనో పాడరా! నువ్వు విన్నావు కదా!" వాని గొంతు మీద అరచెయ్యి పెట్టినాడు. ఆంజినప్ప ఏడస్తానే నోరు తెరిచినాడు. చేతి కింద ఏదో గులకరాయి మాదిరి కదిలింది. అంతే. "పైకి పోయేది యాడ? ఆ పైకి పోయేది పాడరా!"

"రాదన్నా... నా గొంతులోకి రాదు..."

ఇద్దరూ రోడ్డు మీద కూలబడినారు. రికార్డు గురించి ఓబలప్ప ఇంగ అడగలేదు. ఆ యమ్మ మోసం చెయ్యలేదు. ఒకటి తీసుకుంది, ఒకటి ఇచ్చింది — మూడుసార్లు ఇచ్చింది. అందుకొనే చెవి లేకపోతే ఆమె తప్పా?

కొంచెం సేపటికి ఆంజినప్ప అతని చెయ్యి గిల్లినాడు. "అన్నా... నిన్ను ఏమో అడిగింది."

"ఏమని?"

"ఇంగ్లీషు అన్నా. మెల్లగా, మర్యాదగా. మూడుసార్లు అడిగింది. నువ్వు యస్ మేడం అన్నావు. అప్పుడు..." ఆంజినప్ప బంగళా వైపు చూసినాడు. "నవ్వింది."

"ఏమడిగిందిరా?"

"స్విచ్చి, ఫ్యూజు తప్ప నాకు ఇంగ్లీషు యాడొస్తాదన్నా!"

డాక్టరు లెక్క తప్పలేదు. ఆరో నెలకి మిగిలిన పాటి కూడా పోయింది. ఆనెక గనులే మూతబడినాయి. సైరన్లు లేవు, షిఫ్టులు లేవు, కింద రాయి పేల్చే మనిషి ఒక్కడూ లేడు. ఓబలప్ప పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. నారాయణమ్మ కనుబొమ్మలు చూసి తిట్టు ఎంతటిదో చెప్పడం నేర్చుకున్నాడు.

ఆదివారం రాత్రి అతను తన ఇంట్లో, చాప పక్కన, అరికాళ్ళు నేలకి ఆనించి కూర్చుంటాడు. కాసేపటికి మొదలవతాది. ధుం... ధుం ధుం... ధుం...

ఆ టైముకి నారాయణమ్మ రెండు చెవులూ మూసుకొని, కొంగు నోట్లో కుక్కుకొని, పక్కింటికి పోతాది. ఆ పాట ఎట్ల ఉండాదని ఓబలప్ప అడిగితే చెప్పదు.

ఆ రాత్రి తాను దేనికి ఒప్పుకున్నాడో, ఓబలప్పకి ఇంగా తెలీదు.