సౌనా లేకపోతే మాత్ర లేదు

పొగ చూడగానే విదార్ గుండె గుభేలుమంది.

కాలెర్వో ఇంటి వెనక, నది ఒడ్డున ఉన్న సౌనా గొట్టంలోంచి తెల్లటి పొగ హాయిగా పైకి పోతోంది. ఆ కొయ్య గదిలో పొయ్యి రాజేసి, కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లి, ఒళ్లంతా చెమటలు పట్టేదాకా ఆవిరిలో కూర్చోవడం ఆ ఊళ్లో అందరూ శనివారాలు చేసే పనే. కానీ కాలెర్వో గుండెపోటు వచ్చి, రక్తనాళంలో స్టెంట్ వేయించుకుని మొన్ననే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి. ఊరి హెల్త్ సెంటర్లో గుండె రోగులను చూసుకునే నర్సు విదార్. చెకప్ అయ్యేదాకా సౌనా వద్దని కాగితం మీద ఎర్ర గీత గీసి మరీ ఆయన చేతిలో పెట్టినవాడు అతనే.

సైకిల్ మంచులో పడేసి పరుగెత్తాడు. తలుపు తట్టే ఓపిక లేదు.

"కాలెర్వో గారూ! వెంటనే బయటికి రండి!" అంటూ తలుపు లాగి లోపలికి దూరాడు.

పైబల్ల మీద తువాలు చుట్టుకుని కూర్చున్నది కాలెర్వో కాదు. ఎర్రబడ్డ బుగ్గలు, నెత్తిన ముడేసిన గోధుమరంగు జుట్టు, మండిపడుతున్న రెండు కళ్లు. మరుక్షణం గరిటెడు నీళ్లు విదార్ ముఖాన పడ్డాయి.

"బూట్లు!" అని అరిచింది ఆ అమ్మాయి. "సౌనాలోకి బూట్లతో వస్తావా? ఏ ఊరు నీది?"

ముక్కూ ముఖం తెలియని మగవాడు తలుపు తీసినందుకు కాదు, బూట్లతో అడుగు పెట్టినందుకు తిడుతోంది! విదార్ నోరెళ్లబెట్టాడు.

"పేషెంట్... పేషెంట్ ఏడీ?"

"పేషెంట్ కాదు, మా నాన్న. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఈ పొగ చూసి కుమిలిపోతున్నాడు. ఆ కాగితం నర్సువి నువ్వేనా?"

"నేనే. నా పేరు విదార్."

"నా పేరు సైమి. ఇక తలుపు వేసి వెళ్లు. ఆవిరంతా పోతోంది."

కాసేపటికి తడి జుట్టుతో, ఉన్ని చొక్కాలో వంటింట్లోకి వచ్చింది సైమి. వస్తూనే కాఫీ కప్పు విదార్ ముందు ఠక్కున పెట్టింది. కోపంగా ఉన్నా కాఫీ ఇవ్వకపోవడం ఆ ఇళ్లలో లేదు.

"అసలు సౌనా ఎందుకొద్దన్నావు? నేనూ గుండె వార్డులోనే నర్సుని. వంతెనకి అటువైపు ఆస్పత్రిలో."

నదికి ఇటువైపు స్వీడన్, అటువైపు ఫిన్లండ్. కాలెర్వో ఫిన్లండ్ మనిషే అయినా, దుంగల లారీ నడిపి రిటైరయ్యాక ఇటువైపు ఇల్లు కట్టుకున్నాడు. వంతెన మీదుగా జనం పాలకీ రొట్టెకీ కూడా దేశం మారి వస్తుంటారు.

"మా పద్ధతి అది," అన్నాడు విదార్.

"మీ పద్ధతి! స్టెంట్ వేసి, చేతిలో కాగితం పెట్టి, 'నడవండి, కంగారుపడకండి, బై' అని పంపేయడం."

"మీరేం చేస్తారో?"

"స్టెంటే వేస్తాం, ఇవే మాత్రలిస్తాం. కానీ కాగితం చేతిలో పెట్టే ముందు మనిషితో మాట్లాడతాం. ఇంటికెళ్లాక నీకు ముందు ఏం కావాలి అని అడుగుతాం. పదిమందిలో తొమ్మిదిమంది సౌనా అంటారు."

"పదోవాడు?"

"పదోవాడు స్వీడన్ నుంచి వచ్చినవాడై ఉంటాడు."

కిటికీ దగ్గర కాలెర్వో భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో తెలియలేదు. భారీ మనిషి, తెల్లటి మీసం. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయన నోటి వెంట నాలుగు మాటలు రావడమే గగనమైపోయింది. ఇప్పుడు మాత్రం నింపాదిగా ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు.

"హెల్వీ, నీకు స్టెంట్ వేసినప్పుడు మీ జర్మనీలో ఏం చేశారో ఈ అబ్బాయికి చెప్పవే."

"మూడు వారాలురా అన్నయ్యా!" ఫోన్లో ఆయన చెల్లెలి గొంతు ఖంగుమంది. "అడవి పక్కన, పూర్తిగా కోలుకునేదాకా చూసుకునే రిహాబ్ క్లినిక్లో ఉంచారు. పొద్దున్నే వ్యాయామం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం డాక్టరుతో ముచ్చట్లు. నిన్ను నాలుగు రోజులకే తరిమేశారా? మనుషులేనా వాళ్లు?"

కాలెర్వో ఆ ఫోన్ పెట్టేసి ఇంకో నెంబరు నొక్కాడు. ఎండ కోసం స్పెయిన్ వెళ్లి అక్కడే స్థిరపడ్డ ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒస్మో పలికాడు.

"నా గుండెపోటుకా? రోజూ చేపలు, ఆలివ్ నూనె. నా పక్క బెడ్ ఆయన చుట్టాలు అరడజను మంది వార్డులోనే ఉండేవాళ్లు. నాకూ తినిపించారు. కొంచెం వైన్ పర్లేదన్నాడు మా డాక్టరు. కొంచెమంటే ఎంతో నేనడగలేదు."

కాలెర్వో ఫోన్ బల్ల మీద పెట్టి తీర్పు చెప్పాడు. "జర్మనీ విశ్రాంతి, స్పెయిన్ వైను, ఫిన్లండ్ సౌనా. స్వీడన్ కాగితం నువ్వే ఉంచుకో అబ్బాయ్."

"ఇదేం పెళ్లి భోజనమా, నచ్చినవి ఏరుకుని తినడానికి?" అన్నాడు విదార్.

అప్పుడు సైమి ఫక్కున నవ్వింది. నవ్వకూడదని ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆ నవ్వు చూసి విదార్ కాఫీ మర్చిపోయాడు. ఆ అమ్మాయి అతనికి నచ్చింది. గరిటెడు నీళ్లు కొట్టినప్పుడే నచ్చిందేమో, ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాత బీపీ చూసే నెపంతో అతను వారంలో చాలాసార్లే ఆ ఇంటికి వెళ్లాడు. నాన్నకి చేపల పులుసు తెచ్చే నెపంతో సైమి కూడా సరిగ్గా అదే వేళకి వచ్చేది. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లు. మీ ఆస్పత్రి గొప్పా, మా ఆస్పత్రి గొప్పా అంటూ మొదలై, ఎవరి కాఫీ చిక్కన అనేదాకా పోయేది.

"జూన్‌తో నా పోస్టు అయిపోతుంది. స్వీడన్ దక్షిణాన ఉన్న మా ఊరికి వెళ్లిపోతాను. అప్పుడు నీకు పోట్లాడ్డానికి ఎవరూ ఉండరు," అన్నాడొకరోజు.

"ఇక్కడే పర్మనెంట్ పోస్టు ఇస్తామన్నారట కదా?"

"అన్నారు. ఇంకా జవాబివ్వలేదు."

"ఎందుకివ్వలేదు?" అని సైమి అడగలేదు. పులుసు గిన్నె మూత రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టింది.

ఇంతలో పిడుగులాంటి వార్త. ఆ రోజు, చలికాలమంతా గడ్డకట్టి ఉన్న నది మీద మంచు పగిలి, పలకలు పలకలుగా కొట్టుకుపోతోంది. సన్నగా వాన. హెల్త్ సెంటర్ గుమ్మంలో తడిసి ముద్దయి నిలబడింది సైమి. ఈసారి కళ్లలో కోపం లేదు.

"నాన్న మాత్రలు మానేశాడు."

"ఏ మాత్రలు?"

"అన్నీ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి కూడా. సౌనా లేకపోతే మాత్ర లేదంటున్నాడు. నిన్నటి నుంచీ ఒక్కటీ మింగలేదు."

విదార్ రాస్తున్న కలం పక్కన పెట్టి లేచాడు. కొత్త స్టెంట్ ఉన్నవాడు ఆ మాత్ర మానేస్తే అది మళ్లీ మూసుకుపోవచ్చు. ఈసారి ఆస్పత్రి దాకా వెళ్లే వ్యవధి కూడా దొరక్కపోవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నా మాట వినడు విదార్. అమ్మ పోయాక నాన్న నాతో మనసు విప్పి మాట్లాడింది ఆ సౌనాలోనే. అక్కడ తప్ప ఇంకెక్కడా ఆయనకి నోరు పెగలదు. ఇప్పుడు అదీ లేదు. లోపల ఏముందో నాకు తెలియట్లేదు. నాకు భయంగా ఉంది."

విదార్ ఆ చల్లటి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. తప్పు తనదేనని అతనికి అర్థమైంది. నిషేధం పెట్టాడు కానీ, ఎందుకు అంతగా కావాలని ఆ మనిషిని ఒక్కసారీ అడగలేదు.

"మీ వార్డులో సౌనాకి ఎలా ఒప్పుకుంటారు? వట్టి మాటల మీదే కాదు కదా?"

"కాదు. సైకిల్ పరీక్ష చేస్తాం, తొక్కుతుంటే గుండె ఎలా ఉందో చూస్తాం. అది బాగుంటే కింది బల్ల, తక్కువ వేడి, కాసేపే. బీరు కుదరదు. బయటికొచ్చి చన్నీళ్లలోకి దూకడం అసలే కుదరదు."

"ఆ మాట మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"చెప్పేలోపు నువ్వు బూట్లతో వచ్చావు."

విదార్ తిన్నగా హెల్త్ సెంటర్ డాక్టరు గదిలోకి వెళ్లాడు. వచ్చే నెలలో చేయాల్సిన పరీక్షను ముందుకు జరపమని అడిగాడు. ఆవిడ పద్ధతి కాదంది. మాత్రల సంగతి చెప్పాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి, "రేపు తీసుకురా," అంది.

కాలెర్వో దగ్గరికి వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. "రేపు సైకిల్ పరీక్ష. గట్టెక్కితే శనివారం సౌనా. కానీ మాత్రలు ఇప్పుడే మింగాలి, నా కళ్లముందు."

"గట్టెక్కకపోతే?"

"అప్పుడు సౌనా ఉండదు. రోజూ వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాను. మీరు మాట్లాడకపోయినా కూర్చుంటాను."

కాలెర్వో మాత్రల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మీసం కింద పెదవులు కదిలాయి. మాత్రలు మింగి నీళ్లు తాగాడు.

పరీక్షలో ఆయన సైకిల్ తొక్కిన తీరుకు డాక్టరే ఆశ్చర్యపోయింది. సరేనంది, కానీ పక్కన ఎవరైనా ఉండాలంది. కాలెర్వో వెంటనే విదార్ వైపు వేలు చూపించాడు. "కాగితం ఇచ్చినవాడే కూర్చోవాలి."

విదార్ ముఖం పాలిపోయింది. వంతెన మీద సైమికి తన బండారం బయటపెట్టాడు.

"నేను సౌనాలో కూర్చోలేను. స్కూల్లో ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్లి దబ్బున పడిపోయాను. వేడంటే నాకు పడదు."

సైమి రెయిలింగ్ పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఊరందరికీ సౌనా మీద సలహాలిచ్చేది ఇలాంటి మనిషా!"

శనివారం సాయంత్రం ఎండ ఇంకా నది మీద మెరుస్తోంది. విదార్ ఈసారి బూట్లు బయటే విప్పాడు. కింది బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సైమి బయట మెట్ల మీద కూర్చుంది. పొయ్యి నెమ్మదిగానే మండుతోంది. కాలెర్వో కొద్దిగా నీళ్లు చల్లాడు. రాళ్లు బుస్సుమన్నాయి. ఆయన కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాడు.

అప్పుడు ఆయన నోరు విప్పాడు.

"ఆ రోజు వల సర్దుతుంటే నొప్పొచ్చింది అబ్బాయ్. నొప్పిని తట్టుకున్నాను. భయాన్నే తట్టుకోలేకపోయాను. ఆస్పత్రిలో నొప్పి ఎక్కడ, ఎంతసేపటి నుంచి అని అందరూ అడిగారు. భయమేసిందా అని ఎవరూ అడగలేదు."

"భయమేసిందా?" అన్నాడు విదార్.

"చాలా. ఇప్పటికీ రాత్రిళ్లు కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదోనని. ఆ మాత్ర చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. పిల్లకి చెబితే ఉద్యోగం మానేసి నా మంచం పక్కన కూర్చుంటుంది. అందుకే నోరు మూసుకున్నాను."

తలుపు అవతల మెట్ల మీద సైమి వింటూనే ఉంది.

విదార్ ఏదో చెప్పబోయాడు. కానీ గది గిర్రున తిరిగింది. కాలెర్వో అతని తల పట్టుకుని మోకాళ్ల మీదికి వంచాడు.

"సైమీ! మీ నర్సు పడిపోయేలా ఉన్నాడే!"

సైమి వచ్చి చెయ్యి పట్టి అతన్ని మెట్ల మీదికి తీసుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే అతని మణికట్టు పట్టుకుంది.

"పల్స్ పరుగెడుతోంది. వేడి పడలేదు నీకు."

"చల్లబడ్డాక చూడు, అప్పుడూ ఇలాగే ఉంటుంది. నువ్వు దగ్గరికొస్తే ఇంతే. నువ్వంటే నాకిష్టం సైమీ. ఆ ఉద్యోగానికి ఇంకా జవాబివ్వనిది అందుకే. నువ్వేమంటావో తెలియక."

"అడగొచ్చుగా, మనిషీ! పులుసు గిన్నె మూత ఎన్నిసార్లు తీసి పెట్టానో చూడలేదా?"

లోపలి నుంచి కాలెర్వో గొంతు పెద్దగా వినిపించింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

"అబ్బాయ్, జూన్లో వెళ్లకు. నాకింకా బతకాలనుంది. ఈ పిల్ల నవ్వుతుంటే చూడాలనుంది. నువ్వుంటే ఆ రెండూ కుదురుతాయనిపిస్తోంది."

తండ్రి నోట బతకాలనుందన్న మాట వినడానికి సైమి ఎన్నాళ్లు ఎదురుచూసిందో, విదార్ భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది.

"నాన్న అడుగుతున్నాడు. ఉంటావా?" అంది కాసేపటికి, తల ఎత్తకుండానే.

"ఉంటాను," అన్నాడు విదార్. లోపల ఉన్న పెద్దాయనకి కూడా వినబడేలా ఇంకోసారి గట్టిగా చెప్పాడు.