ఇంగ్విల్ రొట్టె డబ్బా

మా మనవరాలు ఇంగ్విల్, ఔడున్ మొదటిసారి కలుసుకున్నది ఎలుకల గది గుమ్మంలో. అదీ పోట్లాటతో.

"బూట్లతో లోపలికొస్తావేంటి? ఎలుకలకు జబ్బులు అంటించడానికా?"

"నేనిక్కడ పరిశోధకుణ్ణి!"

"ఓహో, చదువుకున్న మొద్దువన్నమాట."

మా ట్రోండ్‌హైమ్ ఊళ్లోని ఆ ప్రయోగశాలలో పిల్ల పొద్దుటిపూట ఎలుకల బోనులు కడిగేది. మధ్యాహ్నం నుంచి మంచు మీద స్కీ సాధన. దేశపు జట్టులో చోటు కావాలి, అదే దాని ప్రాణం.

ఆ రోజు ఔడున్ రొట్టె తెచ్చుకోవడం మరిచిపోయాడు. ఇది తన డబ్బా అతని ముందుకు తోసింది. నేను చేతులారా బెల్లంరంగు చీజ్ పెట్టి కట్టిన ముక్కలు! ఆ తర్వాత రోజూ మరిచిపోతూనే వచ్చాడు, దొంగ.

"నీ రొట్టె కోసమే వస్తున్నాననుకుంటున్నావా?"

"కాదా? మీసానికి చీజ్ అంటింది, తుడుచుకో."

డబ్బా రోజూ ఖాళీగా ఇంటికొచ్చేది. పిల్ల బాగా తింటోందని నేను మురిసిపోయేదాన్ని.

ఒక ఆదివారం ఔడున్ భోజనానికి వచ్చాడు. ఏం పని చేస్తావు నాయనా అని అడిగాను.

"ఒంట్లో కొవ్వు హార్మోన్‌తో మెదడుకు కబురు పంపుతుంది మామ్మా. తిండి తగ్గితే ఆ కబురు పలచబడుతుంది. అప్పుడు మెదడులో సంతాన హార్మోన్ వదిలే కణాలు 'ఇది కరువు కాలం, పిల్లలొద్దు' అని నోరు మూసుకుంటాయి. పస్తున్న ఎలుకల్లో రోజూ చూస్తుంటాను."

ఇంగ్విల్ చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. సిగ్గుపడిందని మేమిద్దరం నవ్వుకున్నాం.

ఎంపిక పందేనికి వారం ముందు దాని కాలి ఎముక చిట్లింది. నెలసరి ఆగి పద్నాలుగు నెలలైందని డాక్టరమ్మ దగ్గర ఒప్పుకుంది. అది ఆగితే ఎముకలూ గుల్లబారతాయట. ఒళ్లు తేలికైతే వేగం వస్తుందని తిండి మానేసిందట. జట్టులో చోటు వేరే అమ్మాయికి పోయింది.

ఔడున్ పరుగున వచ్చాడు.

"రోజూ నాకు పెట్టావు. ప్రేమనుకున్నాను."

"ప్రేమే. పెడితే నువ్వు నవ్వేవాడివి, నా తూకం తగ్గేది. రెండూ కావాలనిపించింది."

"నిన్ను ప్రేమిస్తున్నాను ఇంగ్విల్."

"ఎలుకలు ఎంత తిన్నాయో రోజూ రాసుకునేవాడివి. నన్ను ఒక్కసారైనా 'తిన్నావా' అని అడిగావా?"

ఆ మాట అతనికని అన్నది. నాకూ తగిలింది.

మంచు కరిగాక ఔడున్ తనే రొట్టె చేసి, రెండు ముక్కలు తెచ్చాడు. ఇంగ్విల్ గుమ్మంలోనే అందుకుంది.

"తింటున్నాను ఔడున్. నీ ఎదుట మాత్రం తినలేను, మళ్లీ నీకే పెట్టేయాలనిపిస్తుంది. ఇక రాకు."

తలుపు వేసి, అక్కడే నిలబడి, ఏడుస్తూ రెండు ముక్కలూ తిన్నది. నెలసరి ఇంకా రాలేదు.

నేను ఎదురుగా కూర్చుని, ఆఖరి ముక్క గొంతు దిగేదాకా చూశాను. ఖాళీ డబ్బాను నమ్మే రోజులు నాకు పోయాయి.