చక్రాలు విప్పిన కారు

కర్మన్‌ఘాట్ గుడి దాటి జర లోపలికి పోతే ఒక రేకుల షెడ్డు ఉంటది. పొద్దుగూకినంక ఆ గల్లీకి ఆటో రాదు. డెలివరీ పిలగాండ్లు సందు మొదట్లనే నిలబడి ఫోన్ చేస్తరు, మీరే వచ్చి తీస్కపోండి మేడం అని. బిర్యానీ చల్లారినా సరే, షెడ్డు దాటరు.

ఎందుకంటే... లోపల కారు అరుస్తది.

ఒక ఇంటి వాకిట్ల తాళం ఏసిన షెడ్డు. అండ్ల ఎర్ర స్పోర్ట్స్ కారు — చక్రాలు విప్పి గోడకు పెట్టిన్రు, బండిని ఇటుకల మీద నిలబెట్టిన్రు. దాన్ని నడిపిన ధనరాజ్ పోయిన ఏడు డెంగ్యూతోని దవాఖానలనే పోయిండు. అయినా రోజూ రాత్రి అన్నం తినే యాళ్లకు ఆ కారు ఒక్కసారి గొంతు చించుకున్నట్టు అరిచి, ఊకుంటది.

నేను చూడలే. మా ఆయన మధు చూసిండు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్తున్న. మా ఆయన అబద్ధం ఆడడు — అల్లి చెప్పేంత తెలివే ఉంటే మేము ఇన్నేండ్లు ఎల్బీనగర్‌ల కిరాయికి ఎందుకుంటం?

ఆయన పని పాత కార్లు చూసుడు. గుద్దిన బండా, రంగు మళ్ళ ఏసిన్రా, ఇంజన్ ఎట్లున్నది — కొనేటోళ్ళకు, అమ్మేటోళ్ళకు చూసి చెప్తడు. ఒకనాడు ధనరాజ్ భార్య రోహిణి ఫోన్ చేసింది.

"అన్నా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకలు, మలక్‌పేట నుంచి ఒకలు వచ్చి చూసిన్రు. మిషిన్ పెట్టి చూసుడు, 'రేసులకు తిప్పిన బండి, మాకొద్దు' అని పోవుడు. మా ఆయన అసుంటోడు కాదన్నా. గీ కారు మా వాకిట్లకెళ్ళి పోవాలె. మా పిల్ల నిద్ర పోతలేదు."

పిల్ల పేరు సింధు, ఒకటో తరగతి. కారు అరిచిందంటే గేటు కాడికి ఉరుకుతదట, నాన్న వచ్చిండని. ఎంత చెప్పినా లోపలికి రాదు. నిలబడే కునుకు తీస్తది. తల్లి ఎత్తుకొచ్చి పండబెడితే మళ్ళ లేచి కూసుంటది. "ఆయన పోయిండని దానికి రోజూ కొత్తగ చెప్పాల్సొస్తుందన్నా" అన్నది రోహిణి.

సాయంత్రం మా ఆయన వాళ్ళింటికి పోయిండు. కారు కంప్యూటర్‌ను చదివే తన మిషిన్ పెట్టిండు.

అసుంటి కార్లు ఒక లెక్క రాసుకుంటయట. ఇంజన్ హద్దు మీదికి ఎన్నిసార్లు పోయింది, ఎంత మీదికి పోయింది అని. ఆరు మెట్లు. కింది రెండు మెట్లు యాక్సిలరేటర్ గట్టిగ తొక్కితే పడ్తయి. ఎంత తొక్కినా అంతకు మీదికి కారు తనే పోనియ్యదు. పై మెట్లు పడాల్నంటే ఒక్కటే తొవ్వ — మస్తు స్పీడుల గేరు తప్పు పడాలె. నాలుగుకు బదులు రెండు పడ్డదనుకో, ఉరికే చక్రాలే ఇంజన్‌ను పట్టి తిప్పుతయి. ఆరో మెట్టు పడ్డదంటే ఇంజన్ ఖతం. ఇదంతా నాకు మూడుసార్లు చెప్పిండు, అన్నం కలుపుకుంట.

ధనరాజ్ కారుల కింది రెండు మెట్లు నిండి ఉన్నయి. పై నాలుగు సున్న.

ఇంకోటి గూడ చూసిండు. ఆఖరి సర్వీసింగ్ కాయితం మీదికెళ్ళి ఇంజన్ నడిచిన గంటలు పెరిగినయి... కిలోమీటర్లు మాత్రం షాపు నుంచి ఇల్లు చేరినంతనే పెరిగినయి.

"అక్కా, మీ ఆయన మంచిగనే నడిపిండు. ఇది నిలబెట్టి తొక్కిన లెక్క. ఎవలో మనిషే తొక్కుతున్నరు."

"మనిషే అంటవా?"

"దయ్యాలకు కాళ్ళు ఎనకకుంటయి గదక్కా. యాక్సిలరేటర్ అందదు."

అట్లని షెడ్డులనే కూసున్నడు, గోడకు పెట్టిన చక్రాల ఎనక. రోహిణితోని బయట తాళం ఏపిచ్చుకున్నడు గూడ. మా ఇంట్ల బల్లిని చూసి మంచమెక్కే మనిషి.

చీకటి పడ్డది... గల్లీల కుక్కలు గూడ సప్పుడు బంద్ చేసినయి. తాళం తిరిగింది. తలుపు కిర్రుమన్నది. ఎవలో మెల్లగ నడుసుకుంట వచ్చి కారుల కూసున్నరు.

కారు అరిచింది.

మా ఆయన ఫోన్ లైటు కొట్టిండు — ముందు రేకులు కనబడ్డయట, తర్వాత మనిషి.

ధనరాజ్ తల్లి, ఆండాలమ్మ. కొంగు తల మీద కప్పుకొని, రెండు చేతులతోని స్టీరింగ్‌ను నీళ్ళ బిందె పట్టుకున్నట్టు పట్టుకున్నది.

"లైటు తియ్యి బిడ్డా, కండ్లల్ల కొడ్తుంది" అన్నది.

తర్వాత తనే చెప్పింది. "గేటు కాడికి రాంగనే వాడు గిట్ల ఒక్కసారి అరిపిచ్చేటోడు, అన్నం పెట్టుమని. గా సప్పుడు ఇన్నంకనే మేమిద్దరం తినేది. ఇనకుంటే... నాకు ముద్ద దిగుతలేదు."

షెడ్డు చాబి, కారు చాబి దేవుని గూట్లనే ఉంటయి. దీపం పెట్టేది ఆమెనే. ఎవలు అనుమానిస్తరు?

తలుపు కాడ రోహిణి నిలబడ్డది, భుజం మీద సింధు. పిల్ల కండ్లు ఇంతింత తెరుచుకొని కారు దిక్కే చూస్తుంది.

"అత్తమ్మా" అన్నది రోహిణి మెల్లగ, "నీకు ముద్ద దిగుతుంది. దీనికి నిద్ర పడ్తలేదు."

ఆండాలమ్మ మనుమరాలిని చూసింది. స్టీరింగ్ ఇడిసిపెట్టి, ఒక కాలు, ఇంకో కాలు నేల మీద పెట్టి, డోరు పట్టుకొని లేచి నిలబడ్డది. ఇంజన్ ఇంకా మెల్లగ నడుస్తనే ఉన్నది.

"అమ్మెయ్యి రోహిణీ" అన్నది. "ఇగ నేను ముట్ట."

అప్పుడు... కారు అరిచింది.

ఇంతకు ముందు అరుపు కాదది. రేకులు కొట్టుకున్నయి. ఇటుకలు కదిలినయి. లోపల ఏదో పటుక్కున ఇరిగింది — ఆగిపోయింది. సీట్ల ఎవలు లేరు.

ఏం చెయ్యాల్నో తెల్వనోడు తెలిసిన పనే చేస్తడు గద, మా ఆయన మళ్ళ మిషిన్ పెట్టిండు. కింది రెండు మెట్లు పెరిగినయి, అవి ఆమె తొక్కినయే. మూడు, నాలుగు, అయిదు... ఆరో మెట్టు. సాయంత్రం సున్నలు ఉన్న కాడ ఇప్పుడు అంకెలున్నయి.

"అమ్మా... గేరేమన్న ముట్టుకున్నవా?"

"గేరు ఏడుంటదో గూడ నాకు తెల్వది బిడ్డా."

"చక్రాలు లేని బండికి ఆరో మెట్టు పడదమ్మా. ఎవలో ఉరికిచ్చి... తప్పు గేరు ఏసిన్రు. ఇంజన్ పోయింది. ఇగ ఇది ఎన్నడు అరవది."

ఆండాలమ్మ వంగి, ఖాళీ సీటు మీద ఒక్కసారి చెయ్యి పెట్టింది. కొంగుతోని ముఖం తుడుసుకున్నది. రోహిణి భుజం మీద సింధు అప్పటికే కండ్లు మూసింది.

"పిల్లను పండబెట్టు, రోహిణీ. నాకింత అన్నం పెట్టు" అన్నది. "వానికి సమజైంది."