గమ్ము పై అంచుకే

"పదకొండూ, వింటున్నావా?"

చెవిలో చీఫ్ గొంతు. పెళ్లికార్డుల షాపు వెనకగదిలో కవర్లు మడుస్తున్న ఏజెంట్ పదకొండు చిన్నగా దగ్గాడు. విన్నానని కోడ్. షాపులో మాత్రం అతను కవర్ల మాస్టారు.

"మన ఏజెంట్ల లిస్టు లీకైంది. పదకొండు మంది పేర్లు, అడ్రసులు. మీ షాపునుంచే, ఓ పెళ్లికవరు లోపల అంటించే లైనింగ్ కాగితం వెనక, పది గంటల కొరియర్‌లో విదేశీ ముఠాకి వెళ్తోంది. చేరిందా, పదకొండు శవాలు."

"పంపేదెవరు సార్?" గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నీ దగ్గర పని నేర్చుకుంటున్న పెళ్లికూతురు. డబుల్ ఏజెంట్. పెళ్లీ లేదు, పెళ్లికొడుకూ లేడు. కవర్ల పెట్టె మొత్తం ఆపితే పసిగట్టేస్తుంది, కాల్చేసి మరీ పట్టుకుపోయే రకం. మనవాళ్లు బయల్దేరారు. ఈలోగా ఆ ఒక్క కవరూ తియ్యి."

అతని చేతిలో మడత సగంలో ఆగిపోయింది.

పన్నెండు రోజులు! నా కవర్లు నేనే చేసుకుంటానంటూ వచ్చి, నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసి, ఎదురుగా కూర్చుంది. మాస్టారూ మాస్టారూ అంటూ బంగారురంగు లైనింగులు కత్తిరించింది. రోజూ వెళ్లేముందు "భోంచేశారా?" అని అడిగేది. ఏడేళ్ల సర్వీసులో ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. తనే వండుకుని, గోడకేసి చూస్తూ తిని, గిన్నె కడుక్కుని పడుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి? తనూ ఓ గూఢచారట! పిచ్చిమాలోకం.

తొమ్మిదీ యాభై రెండు. ముందుగదిలో పెట్టె. రెండొందల నలభై కవర్లు, అన్నీ అంటించినవే. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన స్కానర్ కళ్లజోడు తగిలించాడు. బంగారు కాగితం ధగధగలాడిందే తప్ప లోపల ఏమీ కనబడలేదు. తగలెయ్యనా ఈ యంత్రాన్ని!

కళ్లజోడు తీసేసి కళ్లు మూసుకున్నాడు. మడతల మీద బొటనవేలు నడిపించాడు. నున్నగా. నున్నగా. నున్నగా. బయట కొరియర్ వ్యాను హారన్ కొట్టింది. వేలు ఆగింది. మడత దగ్గర ముడత.

"ఏం వెతుకుతున్నారు మాస్టారూ?" వెనకనుంచి ఆమె.

"ఒకటి ముడత పడిందమ్మా. మళ్లీ చేసిస్తాను."

"పర్లేదు, వదిలెయ్యండి."

"పంపితే నా పనికి చెడ్డపేరు."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. చీఫ్ మనుషులు తలుపు తోసేసరికి పిస్టల్ ఆమె చేతిలో, ఆ మణికట్టు అతని పిడికిట్లో.

"ఎలా కనిపెట్టారు?" అంది పళ్లు కొరుకుతూ.

"మొదటిరోజే చెప్పాను కదమ్మా. లైనింగ్‌కి గమ్ము పై అంచుకే, కిందంతా వదిలెయ్యాలి, లేకపోతే మడవగానే ముడత పడుతుందని. లిస్టు జారిపోతుందని భయపడి చుట్టూ పూసేశారు."

సంకెళ్లు పడ్డాయి. అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"రోజూ భోంచేశారా అనేవారు. అదీ కోడేనా?"

ఆమె కనుబొమలు ముడిచింది. "అలా అడిగేదాన్నా?"

ఆమెకి గుర్తే లేదు. కోడేనని చెప్పినా ఇంతకన్నా బాగుండేదనిపించింది అతనికి.

కవరు చింపి చూశాడు. లిస్టులో ఆఖరి పేరు తనదే. అసలు పేరు, గది అడ్రసు, పక్కన: "సొంతవాళ్లు: ఎవరూ లేరు." లిస్టు రాసినవాళ్లు బాగానే వాకబు చేశారు.

పుట్టి బుద్ధెరిగాక అతని పేరుతో చేతికొచ్చిన మొదటి పెళ్లికవరు అదే. దాన్ని కూడా ఆఫీసువాళ్లు సాక్ష్యం కింద పట్టుకుపోయారు.