సొంత వాక్యం

డేనియల్‌కి ఇంగ్లీషు రాదంటే భట్టిప్రోలులో ఎవరూ నమ్మరు. చర్చికి విదేశీ అతిథులు వచ్చినప్పుడల్లా పాస్టరుగారి ప్రసంగాన్ని వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులో చెప్పేది అతనే. ఎనిమిదేళ్లుగా అదే పని. అలాంటివాడు తెనాలిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి వెళ్లి, మొదటిరోజే నోరు పెగలక నిలబడిపోయాడు.

“టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్,” అంది సుజన. రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చి పాఠం చెప్పే అమ్మాయి.

అతను ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను ఏమీ అందించలేదు.

సుజనకి విసుగొచ్చింది. “మాది భట్టిప్రోలు, నాన్న వ్యవసాయం చేస్తారు అని చెప్పటానికి ఏంటండీ అంత కష్టం?”

చర్చిలో లాగే డేనియల్ చెయ్యి దానంతటదే పైకి లేచింది. “ఐ యామ్ ఫ్రమ్ భట్టిప్రోలు, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, వాట్ ఈజ్ సో డిఫికల్ట్ ఇన్ సేయింగ్ దట్?” అన్నాడు, గదంతా మారుమోగేలా. వెనక బెంచీలో ఒకాయన ఆమెన్ అన్నాడు.

సుజనకి జబ్బు అర్థమైంది. ఎవరో ఒకరు ముందు తెలుగులో అనాలి. లేకపోతే ఇతని దగ్గర ఒక్క ముక్క ఉండదు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇళ్లకెళ్లే రేపల్లె పాసింజర్లో అతని ఎదురుగా కూర్చుని, “స్టేషనుకో సొంత వాక్యం చెప్పాలండి. నేను అందించను,” అంది.

జంపనిలో “దిస్ టీ ఈజ్ కోల్డ్” అన్నాడు. వేమూరులో “ఇట్ ఈజ్ రెయినింగ్ ఆన్ యువర్ బ్యాగ్” అన్నాడు. అప్పటికే బ్యాగు తడిసి ముద్దయింది. అయినా ఆమె “వెరీ గుడ్” అంది.

రెండు నెలలకి అతనికి బాపట్లలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇక క్లాసూ లేదు, ఈ రైలూ లేదు. సంతోషపడాల్సిన డేనియల్‌కి దిగులు పట్టుకుంది. ఆమెతో చెప్పాల్సిన మాట లోపలే ఉండిపోయింది. దాన్ని అందించే పాస్టరు లేడు.

చివరి సాయంత్రం భట్టిప్రోలు వచ్చింది. అతను దిగలేదు.

“మీ ఊరండీ,” అంది సుజన.

“ఐ హావ్ నో టికెట్ టు రేపల్లె.”

“గ్రామర్ కరెక్టే. మరెందుకొస్తున్నారు?”

“టు మీట్ యువర్ ఫాదర్.”

సుజన కిటికీలోంచి వరిచేల వంక చాలాసేపు చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చేలే అవి.

సుజన నాన్న జార్జిగారికి ఇంగ్లీషు బొత్తిగా రాదు. “ఏం పనిమీద వచ్చావు బాబూ?” అన్నారు.

డేనియల్ నోరు మళ్లీ పెగల్లేదు. సుజన అందించబోయింది.

“ఉండండి. ఇది నేనే చెప్పాలి,” అని చెయ్యి జేబులో పెట్టుకుని, మెల్లగా అన్నాడు. “సర్, ఐ వాంట్ టు మ్యారీ సుజన.”

జార్జిగారు కూతురి వంక తిరిగారు. “ఏమంటున్నాడమ్మా?”

సుజన గొంతు సవరించుకుంది. “నన్ను పెళ్లి చేసుకుంటాడంట నాన్నా. నాక్కూడా ఇష్టమేనంట. నువ్వు కాదనొద్దంట.”

“అతను అన్నది ఒక్క ముక్కేగా.”

“తెలుగులో కొంచెం పెరుగుతుంది నాన్నా.”

జార్జిగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “అయితే అన్నం తిని వెళ్లమను.”

ఆ వాక్యాన్ని డేనియల్ ఇంగ్లీషులోకి మార్చలేదు. వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.